క్షమించే గొంతు

పోయిన వారం మీరు నన్ను వదిలిపెట్టిన చోట నా చేతిలో బక్లావా మిఠాయి ముక్క ఉంది. తినాలా వద్దా అని దాని వంక చూస్తూ నిలబడ్డాను.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి రెండు మాటల్లో చెబుతాను. నా పేరు బెర్రిన్. ఇస్తాంబుల్లో టీవీ సీరియల్ రాసి పొట్టపోసుకుంటాను. మంగళవారం వచ్చిన పద్నాలుగో భాగంలో చెతిన్ అనేవాడు తన భార్య హిజ్రాన్‌ని చెంప మీద కొట్టాడు. హిజ్రాన్ సంచీ సర్దుకుని గుమ్మం దాకా వచ్చి ఆగింది. అక్కడ ఆపింది నేనే. వచ్చే మంగళవారం ఆ పిల్ల గడప దాటి వెనక్కి చూడకుండా వెళ్ళిపోవాలని నా పట్టుదల. దేశమంతా చూస్తుండగా ఒక్క ఆడదైనా తెర మీద అలా వెళ్ళిపోతే చూడాలని నాకు ఎంతో కాలంగా కోరిక.

బుధవారం పొద్దున రేటింగులు వచ్చాయి. మాదే మొదటి స్థానం. మా నిర్మాత తుర్గాయ్ గారు పిస్తా బక్లావా పళ్ళెం పట్టుకుని రచయితల గదిలోకి వచ్చారు. అందరికీ తన చేత్తోనే పంచి, నా దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించారు. హిజ్రాన్ వెళ్ళకూడదట. గుమ్మంలోనే చెతిన్‌ని క్షమించాలట. ఛానల్ వాళ్ళ మాటట. పాత సినిమాల్లో ఉండేలాంటి మంచి మాట ఒకటి పడాలట. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికల్లా సీను చేతికివ్వకపోతే రాసేవాళ్ళు ఇంకొకరున్నారట.

బక్లావా తిన్నాను. అబద్ధమెందుకు, రెండు తిన్నాను. గురువారం పొద్దున్నే పడవెక్కి అవతలి ఒడ్డుకు వచ్చి, కుర్తులుష్‌లో మా పెద్దమ్మ ఇంటి మూడంతస్తులూ ఎక్కాను. ఓడిపోవడానికి సిద్ధపడే వచ్చాను. నాకు కావలసిందల్లా ఆ మాట.

మా పెద్దమ్మ పేరు నెబాహత్. డెబ్భై తొమ్మిదేళ్ళు. వీధిలో ఆమె మొహం ఎవరూ గుర్తుపట్టరు గానీ, నోరు తెరిస్తే నలభై దాటినవాళ్ళందరూ తల తిప్పి చూస్తారు. మా పాత సినిమాల్లో తెర మీద కనిపించేది ఒకరు, వినిపించేది ఇంకొకరు. షూటింగు దగ్గర మైకు ఉండేది కాదు. పక్కన ఒకాయన కూర్చుని మాటలు అందిస్తుంటే తారలు పెదవులు కదిపేవారు. తర్వాత చీకటి గదిలో ఆ పెదవులకి మా పెద్దమ్మలాంటివాళ్ళు గొంతు తగిలించేవారు. పాతికేళ్ళ పాటు ఈ దేశపు అమాయకపు పల్లెటూరి పిల్లలు, చూపులేని పూలమ్మాయిలు, క్షయతో దగ్గుతూ ప్రియుణ్ణి దీవించి కన్నుమూసే కథానాయికలు ఆమె గొంతుతోనే ఏడ్చారు. ఆ గొంతుకి ఇప్పటికీ వయసు రాలేదు. గ్యాసు కంపెనీ వాళ్ళు ఫోన్ చేస్తే "మీ అమ్మగారు లేరా పాపా" అని అడుగుతారు. ఈవిడ "బజారుకెళ్ళింది" అని పెట్టేస్తుంది.

"ఇంటి చెప్పులు వేసుకో. ఆ నీలంవి నీవి," అంది తలుపు తీస్తూనే. "మొహం ఏంటే అట్లా ఉంది? ఎవరైనా పోయారా?"

"ఇంకా పోలేదు. పన్నెండింటికి పోతుంది."

"ఎవరే?"

"హిజ్రాన్."

"అయ్యో, ఆ పిల్లని చంపేస్తున్నారా?"

"చంపట్లేదు పెద్దమ్మా. మొగుడి దగ్గరే ఉంచేస్తున్నారు."

ఆమె చాయ్ పోసింది. బల్ల నిండా నారింజ తొక్కలున్నాయి. ఒక్కొక్క తొక్కనీ చుట్టగా చుట్టి, సూదితో దారానికి గుచ్చుతోంది. ఆ దండనంతా అలాగే పాకంలో వేసి మురబ్బా చేస్తుంది. నాకూ ఒక సూది ఇచ్చింది. మా ఇంట్లో ఖాళీ చేతులతో కూర్చుని బాధలు చెప్పుకోవడం అలవాటు లేదు.

గుచ్చుతూనే జరిగిందంతా చెప్పాను.

"కాబట్టి ఒక మాట కావాలి నాకు. క్షమించే మాట. జనం నవ్వకుండా ఏడ్చేది."

"ఒకటేనా? నా దగ్గర మూటలున్నాయి."

"ఒకటి చాలు."

పెద్దమ్మ సూది పక్కన పెట్టి, వేళ్ళు గుడ్డకి తుడుచుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నాకు తెల్లజుట్టు, మెడ మీద ముడతలు కనిపిస్తున్నాయి. వినిపించింది మాత్రం ఇరవై ఏళ్ళ పిల్ల.

"నన్ను కొట్టింది నువ్వు కాదు చెతిన్. నీ బాధ. నిన్నయితే వదిలి వెళ్ళగలను. నీ బాధని ఒంటరిగా వదిలి ఎలా వెళ్ళను?"

నాకు ఒళ్ళు జలదరించింది. ఈ వంటకంలో ఏమేం పడతాయో నాకు తెలుసు, పదేళ్ళుగా వండుతున్నాను. అయినా కళ్ళు నిండాయి. కరెంటు బిల్లు కవరు దొరికితే దాని వెనకాల గబగబా రాసుకున్నాను. ఇంక చుట్టూ నాలుగు మాటలు అల్లితే సీను అయిపోతుంది, నా ఉద్యోగం ఉంటుంది. గుండె తేలికపడిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

"రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"ఎట్లా ఉంది?"

"చాలా బాగుంది పెద్దమ్మా."

"బాగుంటుంది. అదే దాంతో వచ్చిన చావు."

మళ్ళీ సూది అందుకుంది. రెండు తొక్కలు గుచ్చింది. తర్వాత చేతుల వంక చూసుకుంటూ మొదలుపెట్టింది.

"నేను ఈ మాట చెప్పిన సినిమాలో ఇద్దరు ఆడవాళ్ళే. మంచిదొకతి, చెడ్డదొకతి. మంచిది పెళ్ళాం. చెడ్డది జుట్టుకి పసుపు రంగేసుకుని సిగరెట్లు కాల్చేది. చెడ్డదానికి చెప్పాల్సిన ఆవిడకి ఆ రోజు గొంతు పోయింది. స్టూడియో ఆ ఒక్క రోజే దొరికింది. 'నెబాహత్ గారూ, రెండూ మీరే కానిచ్చేయండి' అన్నారు. కానిచ్చేశాను. సన్నగా పెడితే మంచిది, బొంగురుగా దించితే చెడ్డది. నాతో నేనే జుట్లు పట్టుకున్నాననుకో."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"చెడ్డది మంచిదానితో ఏమంటుందో తెలుసా? 'పిచ్చిదానా, ఇవాళ చెంప, రేపు పళ్ళు. బస్సెక్కి పో' అంటుంది. తెలివైన మాట ఏదున్నా చెడ్డదాని నోట్లోనే పెట్టేవాళ్ళే తల్లీ. వినేవాళ్ళకి అది తప్పుడు మాటని తెలియాలిగా మరి. అన్నట్టు ఆ చెంపదెబ్బ చప్పుడు కూడా నాదే. చప్పుళ్ళు చేసే ఆయన సిగరెట్టుకి వెళ్తే నేనే అరచెయ్యి మీద అరచెయ్యి వేసి కొట్టాను. దెబ్బ నాది, ఏడుపు నాది, క్షమించడమూ నాదే."

"ఒక్కరోజులో అంత పనా?"

"పనికేం లే. నీకు ఐదేళ్ళప్పుడు మీ అమ్మ నిన్ను తీసుకుని ఇక్కడికొచ్చింది, గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి. నా చిన్నతనంలో అంత మంచి సెలవులు మళ్ళీ రాలేదు. మా ఊరు బుర్సా నుంచి బస్సు, తర్వాత పడవ, నా చేతిలోని సిమిత్ రొట్టె ముక్క కోసం మీదికి దూకిన సముద్రపు పక్షులు. ఈ సోఫా మీదే అమ్మని కరుచుకుని పడుకున్నాను. పెద్దమ్మ రోజూ నాకు తన గొలుసు వేసేది.

"సెలవులకి వచ్చాం కదా," అన్నాను.

"నవంబర్లో ఏం సెలవులే?"

నేను సూది ఆపాను. ముప్ఫై ఏళ్ళకి పైగా నాకు ఆ ప్రశ్నే తట్టలేదు. సీరియల్లో ఎవరు ఏ నెలలో ఏ కోటు వేసుకున్నారో చూసి తప్పులు పట్టేదాన్ని నేను.

"అమ్మకి పంటి నొప్పి," అన్నాను మెల్లిగా. "బుగ్గ వాచింది. ఇక్కడ డాక్టరుకి చూపించడానికి వచ్చాం."

"నీకు అట్లా చెప్పాం."

దారం మీద తొక్కలు అటూ ఇటూ జరుపుతూ ఉండిపోయాను. మా నాన్న పట్టుమిల్లులో సూపర్‌వైజర్. నాకు సైకిలు నేర్పినవాడు. పెద్దగా అరుస్తాడని తెలుసు. అంతవరకే తెలుసు, లేదా అంతవరకే తెలుసుకున్నాను.

"నాలుగు రోజులున్నారు," అంది పెద్దమ్మ. "నీకు ఇక్కడే బడి చూద్దామనుకున్నాం. ఐదో రోజు ఆదివారం. మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వేశారు. మీ అమ్మ సుహేలా ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. నేను వంటింట్లో ద్రాక్షాకుల్లో అన్నం పెట్టి చుడుతున్నా. ఆ సీను వస్తుందని నాకు తెలుసు. పావుగంట ముందు నుంచే తెలుసు. లేచి వెళ్ళి కట్టెయ్యచ్చు. నాలుగు అడుగులు."

"మరి కట్టలేదేం?"

కింద వీధిలో పాత సామాన్ల బండివాడు అరుచుకుంటూ వెళ్ళిపోయాడు.

"వినాలనిపించిందే. ఎంత బాగా ఏడ్చానో వినాలనిపించింది. నా పేరు ఒక్క పోస్టరు మీద వెయ్యలేదు బెర్రిన్. బహుమతులన్నీ ఆ మొహానికి ఇచ్చారు. మా చెల్లెలు మాత్రం అది నా గొంతని తెలిసి ఏడుస్తోంది. వంటింటి గుమ్మంలో నిలబడి దాని వీపు చూశాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. గర్వపడ్డాను. సాయంత్రం ఆరింటికి అది సంచీ సర్దుకుంది. 'అక్కా, పాపం ఆయనా బాధలోనే ఉన్నాడు' అంది. నా నోట్లోంచి తీసుకుని నాకే చెప్పింది. నేను ఆకులు చుట్టిన డబ్బా చేతికిచ్చి, దార్లో తినండని పంపాను."

ఆ ఆకులు నాకు గుర్తున్నాయి. బస్సులో అమ్మ ఒక్కటీ తినలేదు, అన్నీ నేనే తిన్నాను.

కోపం రావాలనుకుంటాను. రాలేదు. ఎదురుగా కూర్చున్న ముసలామె చేతిలోంచి సూది తీసుకుని పక్కన పెట్టి, ఆ చెయ్యి పట్టుకున్నాను. నారింజ నూనెతో జిగటగా, చల్లగా ఉంది.

"ఎవరో రాసిన మాట పెద్దమ్మా. నువ్వు చదివావంతే."

"నేనూ అట్లాగే అనుకుని ఇన్నేళ్ళు నిద్రపోయాను. రాసింది వాడు, పెదవులు ఆవిడవి, నాదేముంది అని. నీకు ఆ వీలు కూడా లేదు. రాసేది నువ్వు." చెయ్యి వదిలించుకోలేదు. "వద్దని నేను చెప్పను. నీ ఉద్యోగం నీది, ఇంటద్దె నీది. వినేది ఎవరో తెలుసుకుని రాయి, అంతే."

కవరు తిరగేసి చక్కెర గిన్నె కింద పెట్టాను. పదకొండూ పది అయింది.

అప్పుడు ఫోన్ మోగింది. అమ్మ. మా అమ్మ ఆదివారాలు తప్ప ఫోన్ చెయ్యదు. వేళ్ళకి జిగట ఉందని మోచేత్తో స్పీకరు నొక్కాను.

"పనిలో ఉన్నావా బెర్రిన్?"

"లేదమ్మా, చెప్పు."

"ఏం లేదు. ఆ హిజ్రాన్ సంగతి అడుగుదామని."

వెనకాల ఇంజన్ల మోత. ఎవరో మైకులో ఇస్తాంబుల్ బస్సు ఏడో నంబరు దగ్గరుందని చెబుతున్నారు.

"ఎక్కడున్నావమ్మా?"

"బస్టాండులో. కంగారుపడకు. మీ నాన్న ఏం చెయ్యలేదు. ఆయన నా మీద చెయ్యెత్తి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఆయన మోకాళ్ళకి నేనే నూనె రాస్తున్నా."

ఈ మాట మా అమ్మ నాతో అనడం అదే మొదటిసారి. ఇంటికి సున్నం వేసి ఇరవై ఏళ్ళయిందని చెప్పినట్టు చెప్పింది. పెద్దమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మరి ఏమైందమ్మా?"

"మంగళవారం ఇద్దరం కలిసే చూశాం. ఆ చెతిన్ ఆ పిల్లని కొట్టాడు కదా. మీ నాన్న శనగలు నములుతూ, 'ఊరికే కొడతాడా, ముందు అదేదో అని ఉంటుంది' అన్నాడు. నేను మొదట్నుంచీ చూస్తున్నానే. ఆ పిల్ల ఏమీ అనలేదు. నేనెక్కడైనా వినకుండా పోయానా? నువ్వేమైనా రాశావా?"

"లేదమ్మా. ఏమీ అనలేదు."

"అదీ. నేనూ ఏమీ అనలేదు అప్పుడు." మైకులో ఇంకో బస్సు పేరు చదివారు. "రెండు రోజుల నుంచి అదే ఆలోచిస్తున్నా. పొద్దున సంచీ తీసుకుని వచ్చేశాను. టికెట్టు ఇంకా తీసుకోలేదు. ఆ పిల్ల గడప దాటుతుందా, దాటదా? నువ్వే కదా రాసేది. నేనెవరికీ చెప్పనులే."

అరవై ఎనిమిదేళ్ళ మా అమ్మ, బుర్సా బస్టాండులో టికెట్ల కిటికీ ముందు నిలబడి, నేను కనిపెట్టిన పిల్ల ఏం చేస్తుందో చెప్పమని నన్ను అడుగుతోంది. నా జీవితంలో నా రాతకి అంత విలువ ఎవరూ ఇవ్వలేదు. అంత భయం కూడా ఎప్పుడూ వెయ్యలేదు.

"దాటుతుందమ్మా," అన్నాను.

"నిజంగా?"

"వెనక్కి కూడా చూడదు."

అమ్మ గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "అక్క ఇంట్లో ఉంటుందా? ఇంత వయసొచ్చాక ఇప్పుడేంటి అనుకుంటుందేమో."

పెద్దమ్మ మాట్లాడబోయింది, గొంతు రాలేదు. దేశాన్ని ఏడిపించిన గొంతు రెండుసార్లు ప్రయత్నించి ఆగిపోయింది. మూడోసారి వచ్చింది గానీ, అది నేనెప్పుడూ వినని గొంతు. డెబ్భై తొమ్మిదేళ్ళ ముసలామె గొంతు.

"పిచ్చిదానా. బస్సెక్కు. వచ్చెయ్."

అటు పక్క అమ్మ నవ్విందో, ఏడ్చిందో తెలియలేదు. "సరే అక్కా," అని పెట్టేసింది. పెద్దమ్మ లేచి లోపలికెళ్ళి దుప్పట్లు తీయడం మొదలుపెట్టింది. పాత ఉన్ని దుప్పటిలోంచి లావెండర్ వాసన ఇల్లంతా వచ్చింది. నేను కాగితం కోసం వెతుకుతున్నాను. గడప దాటే సీను రాయాలి. నలభై నిమిషాలుంది. ఇంత సంతోషంగా నేనెప్పుడూ రాయడానికి కూర్చోలేదు.

మొదటి మాట పడకముందే ఫోన్ కిర్రుమంది. తుర్గాయ్ గారి మెసేజ్.

'ఇంక శ్రమపడకు బెర్రిన్. సీను చేతికొచ్చింది, చాలా బాగుంది. రెండింటికి షూటింగు పెట్టేశాం. ఈ వారం విశ్రాంతి తీసుకో.'

పన్నెండు దాకా కూడా ఆగలేదు. కుర్చీలో కూలబడిపోయాను. అమ్మ ఈపాటికి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. మంగళవారం రాత్రి ఈ సోఫా మీద, అక్క పక్కన, టీవీ ముందు కూర్చుంటుంది. హిజ్రాన్ గుమ్మంలో సంచీ కింద పెట్టేస్తుంది. అప్పుడు అమ్మ నా వైపు తిరిగి చూస్తుంది.

పెద్దమ్మ దుప్పటి చంకలో పెట్టుకుని వచ్చి మెసేజ్ చదవమంది. చదివాను.

"హిజ్రాన్ వేషం వేసే పిల్ల ఎవరు?"

"బిల్గె."

ఆ పిల్లకి ఇరవై ఆరేళ్ళు. పోయిన వేసవిలోనే పెళ్ళయింది. పెళ్ళి ఫోటోలు వెయ్యని పత్రిక లేదు. చెంపదెబ్బ సీను పదకొండుసార్లు తీసినా ఒక్క మాట అనలేదు గానీ, తర్వాత మేకప్ బండిలోకి వెళ్ళి గంటసేపు తలుపు తియ్యలేదు. అలిసిపోయిందనుకున్నాం.

"ఆ పిల్ల గొంతు ఎవరిది?" అంది పెద్దమ్మ.

"ఎవరిదేంటి, ఆమెదే. ఇప్పుడు ఎవరి గొంతు వాళ్ళదే కదా."

"మరింకేం? మా రోజుల్లో ఆ మాట నేను చెప్పనని ఆవిడ అనలేదు, ఎందుకంటే చెప్పేది నేను. నేనూ అనలేదు, ఎందుకంటే కనిపించేది ఆవిడ. ఈ పిల్ల పెదవులూ ఈ పిల్లవే, గొంతూ ఈ పిల్లదే. చెప్పనంటే ఎవడు చెప్పిస్తాడు? ఫోన్ చెయ్యి."

చేశాను. ఒక్క మోతకే ఎత్తింది.

"బెర్రిన్ అక్కా, నేనే నీకు చేద్దామా వద్దా అని ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నా."

"కొత్త సీను చదివావా?"

"చదివాను."

"ఆ మాటలు నువ్వు చెప్పనంటే తీయలేరు బిల్గె. నువ్వొక్కదానివే కాదు, నేనూ వస్తాను. ఇప్పుడే బయల్దేరతాను. ఛానల్ వాళ్ళతో నేను మాట్లాడతాను."

అటు పక్క మేకప్ బండి తలుపు లోపల్నుంచి గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆ పిల్ల గొంతు బాగా తగ్గిపోయింది.

"ఛానల్ వాళ్ళు కాదక్కా. తుర్గాయ్ గారు నా పేరు బయటికి రాకుండా అట్లా చెప్పుంటారు. హిజ్రాన్‌ని పంపించొద్దని ఆయన కాళ్ళావేళ్ళా పడింది నేనే. మంగళవారం మా ఆయన కూడా టీవీ ముందే కూర్చుంటాడు."